నలభై రెండు నిమిషాల వార్త

ముప్పై ఏళ్లు విలేకరిగా పనిచేశాను. నేను రాసిన వార్తల మీద ఖండనలు వచ్చాయి, లాయరు నోటీసులు వచ్చాయి, ఒకసారి మనుషులే ఇంటి ముందుకొచ్చి కేకలు వేసి పోయారు. అవన్నీ మరిచిపోయాను. మరిచిపోలేనిది ఎవరూ ఖండించని ఒక వార్త. అందరూ మెచ్చుకున్నది, నా పేరుతో, పెద్ద ఫొటోతో జిల్లా పేజీలో పైన వచ్చినది. కొన్ని నెలల తరువాత దాన్ని కత్తిరించి, ఒక బస్సు డ్రైవరు మీద పెట్టిన అభియోగ పత్రానికి పిన్నుతో గుచ్చారు. ఆ పిన్ను గుచ్చిన చేతుల మీద నాకున్న కోపం రిటైరయ్యాక కూడా చల్లారలేదు. అందులో నా చెయ్యీ ఒకటి కాబట్టి అసలే చల్లారలేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు, మీరు రాసినవాటిలో గొప్ప వార్త ఏదని. గొప్పవాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను దీని గురించి చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో తిరుపతి చుట్టుపక్కల ఊళ్లను కలుపుకోవడం మొదలుపెట్టింది. ఇటు రేణిగుంటకూ అటు చంద్రగిరికీ మధ్య ఖాళీ నేల కనిపించడం తగ్గింది. పుత్తూరు నుంచి, నగరి నుంచి పొద్దున్నే కాలేజీలకు, ఆఫీసులకు, ఆసుపత్రులకు వచ్చేవాళ్లతో బస్సుల్లో కాలు మోపడానికి చోటుండేది కాదు. దీనికి మందుగా బస్సుల సంస్థలోని పెద్దవాళ్లు ఒక కొత్త సర్వీసు తలపెట్టారు. దాని పేరు ‘రాపిడ్’. ఎక్కకముందే టిక్కెట్టు తీసుకోవాలి. బస్టాండులో దానికి వేరే ప్లాట్‌ఫారం. దారిలో నాలుగే స్టాపులు. గడియారం చూసుకుని నడవాలి. మొదట తిరుపతి నుంచి పుత్తూరుకు. అది నిలదొక్కుకుంటే ముందుకు నగరి దాకా, ఇటు పక్క చిత్తూరు దాకా పెంచాలని పథకం. ఆలోచన మంచిదేనని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. జనం మాత్రం దాన్ని ఆ పేరుతో పిలవలేదు. ‘నిలవని బస్సు’ అన్నారు.

అప్పటికి నేను తిరుపతిలో స్టాఫ్ రిపోర్టరును. అంతకు ముందు ఎనిమిదేళ్లు పుత్తూరులో విలేకరిగా ఉన్నాను. ఆ ఎనిమిదేళ్లూ నా వార్తలు తిరుపతికి చేరింది బస్సు డ్రైవర్ల దయవల్లే. కాగితాల మీద రాసి, కవరులో పెట్టి, సాయంత్రం బస్సులో డ్రైవరు చేతికిచ్చేవాళ్లం. తిరుపతి బస్టాండులో మా ఆఫీసు మనిషి అందుకునేవాడు. అలా నా కవర్లు ఎక్కువగా మోసింది ఒక డ్రైవరు. పుత్తూరు మనిషే. సన్నగా, పొడుగ్గా, మెడలో ఎప్పుడూ ఒక తడి తువ్వాలుతో ఉండేవాడు. కవరు అందుకున్నప్పుడల్లా ఏదో ఒకటి అనందే బస్సు తీసేవాడు కాదు.

“ఈ పొద్దు ఎవర్ని తిట్నావు సామీ? కవరు చెయ్యి కాల్తా ఉండాది.”

“మీ డిపోనే అన్నా. బస్సులు కడగడం లేదని రాసినా.”

“అట్లయితే ఇది రేపు పొద్దునకి గానీ చేరదులే,” అనేవాడు. ఎప్పుడూ వేళకే చేరేది.

పుత్తూరు కట్టు సంగతి మా వైపు వాళ్లకు చెప్పే పని లేదు. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఎముక విరిగితే ఆకుపసరు, కోడిగుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డతో బిగించి కట్టే చోటు పుత్తూరుకు కాస్త ముందు, రోడ్డు పక్కనే ఉంది. దూరదూరాల నుంచి జనం వస్తారు. తిరుపతి నుంచి వెళ్లేటప్పుడు అది కుడిచేతి పక్కన పడుతుంది. బస్సు ఎడమ పక్కన ఆగితే, కాలు విరిగినవాళ్లు రోడ్డు దాటాలి. అందుకని ఆ దారిలో డ్రైవర్లకు ఒక అలవాటు ఉండేది. కండక్టరు ముందుగా దిగి, రోడ్డు మధ్యలో చెయ్యెత్తి నిలబడితే, డ్రైవరు బస్సును అడ్డంగా కుడి పక్కకు దించి, కట్టు కట్టే వాకిట్లోనే ఆపేవాడు. ఏ రూలు పుస్తకంలోనూ లేదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు.

మా డ్రైవరు ఇంకో అడుగు ముందుకు వేశాడు. బస్సులో కుదుపు తక్కువ తగిలేది ముందు సీట్లో కాదట, రెండు చక్రాల మధ్యన పడే నడిమి సీట్లలోనట. విరిగినవాళ్లను అక్కడే కూర్చోబెట్టించేవాడు. కాలు చాపుకోవడానికి రెండు సీట్ల మీద అడ్డంగా వేయడానికి ఒక చెక్కబల్ల తన సీటు వెనక పెట్టుకుని తిరిగేవాడు. డ్యూటీ దిగితే బల్ల డిపోలో పెట్టి, ఎక్కేటప్పుడు తెచ్చుకునేవాడు.

రాపిడ్ మొదలుపెట్టే ముందు ఒక ఆదివారం పొద్దున పరీక్షగా ఒక బస్సు నడిపారు. అనుభవం ఉన్నవాడని ఈయన్నే ఎంపిక చేశారు. బస్సులో అధికారులు, మేము నలుగురు విలేకరులం, ఫొటోగ్రాఫర్లు. వేరే ప్రయాణికులు లేరు. ముందు దారి చేస్తూ ఒక జీపు. దారిలో ఉన్న రైల్వే గేటు దగ్గర ముందే మాట్లాడి పెట్టుకున్నారు. మేము పోయేసరికి తెరిచి ఉంది, మామూలు రోజుల్లో అక్కడ పావుగంట వేరుశనక్కాయలు తినాల్సిందే. నా నోటుబుక్కులో ఈ మూడూ రాసుకున్నాను. ఖాళీ బస్సు, జీపు, గేటు.

కట్టు కట్టే చోటు సర్రున దాటిపోయింది. నేను డ్రైవరు వెనకే కూర్చున్నాను. ఆయన తల తిప్పకుండానే అన్నాడు.

“సామీ, ఈడ నిలపలేదు, సూసినావా?”

“ట్రయలు కదన్నా,” అన్నాను. నేను గడియారం చూసుకుంటున్నాను.

పుత్తూరు బస్టాండులో బస్సు ఆగేసరికి నలభై రెండు నిమిషాలు. అధికారులు చప్పట్లు కొట్టారు. సర్వీసు బాధ్యత చూస్తున్న అధికారి నా గడియారం కూడా అడిగి చూసి, “మీదీ అదే చూపిస్తోంది కదా?” అన్నాడు. అదే చూపిస్తోంది. ఇడ్లీలు పెట్టారు, తిన్నాం. నాకు పుత్తూరులో వేరే పని ఉండి, అక్కడే ఒక అంగడి అరుగు మీద కూర్చుని వార్త రాశాను. ‘నలభై రెండు నిమిషాల్లో పుత్తూరు’ అని శీర్షిక కూడా నేనే పెట్టాను.

ఖాళీ బస్సు, జీపు, గేటు అందులో లేవు. ఆఫీసులో డెస్కువాళ్లు కొట్టేయలేదు, నేనే రాయలేదు. ఎందుకు రాయలేదంటే, మంచి పని మొదలవుతున్న రోజున పుల్లవిరుపు మాటలెందుకని. ఇంకో కారణమూ ఉంది. అవి రాస్తే నలభై రెండు అన్న అంకె బలం తగ్గిపోతుంది. అంకె తగ్గితే వార్త లోపలి పేజీకి పోతుంది. పిల్లలూ, అబద్ధం రాయడానికి తెగువ కావాలి. నిజాన్ని మూడు వాక్యాలు తక్కువ రాయడానికి ఏమీ అక్కర్లేదు, ఇడ్లీ తిని కూర్చుంటే చాలు.

పాత అలవాటు కొద్దీ కవరు ఆ డ్రైవరు చేతికే ఇచ్చి పంపాను. తన మీద సాక్ష్యాన్ని తానే తిరుపతికి మోసుకుపోయాడు.

నలభై రెండు అచ్చయ్యాక ఇక దానికి తిరుగు లేకపోయింది. పైవాళ్లు ప్రయాణ సమయం నలభై అయిదు నిమిషాలని తీర్మానించారు, మూడు నిమిషాలు దయ చూపినట్టు. బస్సు నిండుగా పోవాలి, స్టాపుల్లో ఆగాలి, గేటు పడితే నిలబడాలి, అయినా నలభై అయిదే. డ్రైవర్లు మొత్తుకున్నారు. పేపర్లో చూడలేదా, నలభై రెండులో పోయింది కదా అని జవాబు. ఆలస్యానికి మెమోలు మొదలయ్యాయి. నగరి పొడిగింపుకు పైనుంచి అనుమతి రావాలంటే నలభై అయిదు నిలబడాలి, అది నిలబడకపోతే తప్పు డ్రైవర్లదై ఉండాలి. ఇదంతా నాకు తరువాత తెలిసింది. అప్పుడు నేను వేరే వార్తల్లో ఉన్నాను.

మామిడికాయల కాలంలో ఒక రోజు మధ్యాహ్నం ఆ డ్రైవరు బస్సులో పనిచేసే కండక్టరమ్మ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. ముప్పై ఏళ్ల మనిషి, నోరు గట్టిది. కూర్చోమన్నా కూర్చోలేదు. నా పాత వార్త ఉన్న పేపరు మడిచి బల్ల మీద పడేసింది.

“ఇది రాసింది నువ్వే కదన్నా?”

“నేనే.”

“బాగా రాసినావులే. మా అన్న కొంపకి నిప్పు పెట్టినావు.”

జరిగింది ఆమె చెబితేనే తెలిసింది. తోటలో కాయలు కోస్తూ నిచ్చెన మీద నుంచి పడి ఒక ఆడమనిషికి తుంటి కింద ఎముక విరిగింది. మొగుడు, తమ్ముడు కలిసి మోసుకొచ్చి రేణిగుంటలో ముందొచ్చిన బస్సు ఎక్కించారు. అది రాపిడ్. బస్సు కట్టు దగ్గర నిలవదని, పుత్తూరు బస్టాండులో దిగి వెనక్కి రావాలని కండక్టరమ్మ చెప్పింది. ఆ మొగుడు, “ఎట్లనమ్మా, మల్లా ఎత్తి దించితే పానం పోతాది,” అని ఏడ్చాడట. డ్రైవరు బల్ల తీసి ఇచ్చాడు. మెల్లగా నడిపాడు. కట్టు దగ్గరికి రాగానే ఈమె దిగి చెయ్యెత్తి నిలబడితే, బస్సును కుడి పక్కకు దించి వాకిట్లో ఆపాడు.

ఆ రోజు బస్సులో చెకింగు ఇన్‌స్పెక్టరు ఉన్నాడు.

“దిగి ఒగ చెయ్యి పట్టొచ్చు కదా ఆ మనిషి? పుస్తకం తీసి టైము రాసుకుంటా కూసున్నాడు,” అంది. “మా అన్న మీద మూడు తప్పులు రాసినారు. స్టాపు లేని చోట నిలిపినాడంట. పద్నాలుగు నిమిషాలు లేటంట. మూడోది విను. బస్సులో అనుమతి లేని కలప పెట్టుకుని తిరిగినాడంట! ఎర్రచందనం దుంగ దొరికినట్ల రాసినారన్నా!”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

“ఉద్యోగంలోనుంచి తీసేస్తారంటా ఉండారు. ఆయన రిటైరయ్యేదానికి ఇంగా మూడేండ్లుండాది. నలభై రెండులో పోయినోడివి ఇప్పుడెందుకు లేటయినావని నీ పేపరు సూపిస్తా ఉండారు. ఆ పొద్దు బస్సులో ఎవురుండారో, గేటు ఎవురు తీయించినారో నీకి తెలుసు కదా? వచ్చి సెప్పు.”

వస్తానన్నాను. ఆ సాయంత్రమే మా న్యూస్ ఎడిటరుకు ఫోను చేశాను. సవరణ వేద్దామన్నాను. మంచివాడే, తెలివైనవాడే. ఆ తెలివితోనే నన్ను ఆపాడు.

“నాలుగు నెలల నాటి వార్తకు ఇప్పుడు సవరణా? అప్పుడు ఎవరైనా ఖండించారా?”

“లేదు.”

“మరి? ఖండించనిదాన్ని మనమే తప్పంటే, ఖండించినవాటి సంగతేమిటయ్యా? నువ్వు వెళ్లి సాక్ష్యం చెప్పుకో, పేపరు పేరు తీసుకురాకు.”

విచారణ డిపో ఆఫీసులో, పొద్దున పదకొండు గంటలకు. ఒక బల్ల, టైపు మిషను ముందు ఒక గుమాస్తా, గోడ మీద రూట్ల పటం. అందులో పుత్తూరు నుంచి నగరికీ, తిరుపతి నుంచి చిత్తూరుకీ ఎర్ర పెన్సిలుతో చుక్కల గీతలు అప్పటికే గీసి ఉన్నాయి. విచారణ చేసేది నా గడియారం అడిగి చూసిన ఆ అధికారే. డ్రైవరు గోడకానుకుని నిలబడ్డాడు. ఉతికిన ఖాకీ చొక్కా, మెడలో తువ్వాలు లేదు. నన్ను చూసి తల పంకించాడు, అంతే.

అధికారి నా వార్త కత్తిరింపును నా ముందు పెట్టాడు.

“ఇది మీరు రాసిందేనా?”

“నేనే రాశాను.”

“మీరు స్వయంగా చూసి రాశారా, ఎవరైనా చెబితే రాశారా?”

“చూసే రాశాను.”

“ఇందులో అబద్ధం ఏమైనా ఉందా?”

“అబద్ధం లేదు. కానీ పూర్తి నిజమూ లేదు. ఆ రోజు బస్సు ఖాళీ. ముందు జీపు నడిచింది. గేటు తెరిపించారు. ఆదివారం. అవి నేను రాయలేదు. మీరూ ఆ బస్సులోనే ఉన్నారు, మీకూ తెలుసు.”

గుమాస్తా వేళ్లు ఆపి తలెత్తాడు. “ఏమని కొట్టమంటారు సార్?”

“అబద్ధం లేదు అని సాక్షి ఒప్పుకున్నారు,” అన్నాడు అధికారి, గొంతు మారకుండా.

మిషను టకటక కొట్టుకుంది. నేను లేచి నిలబడ్డాను. మిగతాది కూడా కొట్టమన్నాను. “మిగతాది మీ వివరణ. నేను అడిగింది అది కాదు,” అన్నాడు. అరిచాను. బయట నుంచి ఇద్దరు తొంగి చూశారు. ఆయన ఏమాత్రం చలించకుండా ఒక తెల్లకాగితం నా వైపు జరిపి, “కావాలంటే రాసివ్వండి, ఫైలులో పెడతాం,” అన్నాడు. రాసిచ్చాను. అప్పటిదాకా నా జీవితంలో అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసిన పేజీ లేదు.

డ్రైవరూ నేనూ బయటికి వచ్చాం. అక్కడ కాచుకుని ఉన్న కండక్టరమ్మ ఎదురొచ్చింది.

“నోటితో సెప్పేదానికి వచ్చినావు సరే. ఇదే ఆ పొద్దు ఆ అరుగు మీద కూసోని రాసుంటే ఏం పోయింది నీకి?”

“గమ్మునుండుమే,” అన్నాడు డ్రైవరు. “వచ్చినాడు కదా. రాకపోతే ఎవురు అడగబోయినారు?”

ఆయన నన్ను సమర్థిస్తూ అన్న ఆ మాట, ఆమె తిట్టిన దానికంటే ఎక్కువ మండింది.

మూడు వారాలకు ఉత్తర్వు వచ్చింది. ఉద్యోగం తీసేయలేదు, దయతలిచినట్టు రాసుకున్నారు. రెండు ఇంక్రిమెంట్లు ఆపి, జిల్లాకు పడమటి కొసన ఉన్న డిపోకు మార్చారు. పుత్తూరు నుంచి అక్కడికి దాదాపు ఒక పగటి ప్రయాణం. ఉత్తర్వులో నా గురించి కూడా ఒక వాక్యం ఉంది. ట్రయలు జరిగిన మరుసటి రోజే అచ్చయిన కథనం, నెలలు గడిచాక పరిచయం కొద్దీ చెప్పిన మాట కంటే నమ్మదగినది, అని. అంటే నేను రాసినదాన్ని నమ్మి, నన్ను నమ్మలేదు. ఆ వాక్యంలో తప్పు పట్టడానికి నాకు ఈ రోజుకీ ఏమీ దొరకలేదు. అందుకే దాని మీద నాకు అంత కోపం. ఆ బస్సులో కూర్చుని చప్పట్లు కొట్టిన చేతులే దాన్ని రాశాయి.

ఆ తరువాత ఆరునెలలైనా తిరగలేదు. రాపిడ్ వేళలు నిలబడక, రోజూ బస్టాండులో గొడవలై, పైవాళ్లే ప్రయాణ సమయాన్ని అరవై అయిదు నిమిషాలకు పెంచారు. కట్టు కట్టే చోట స్టాపు కూడా పెట్టారు. ‘ప్రయాణికుల సౌకర్యార్థం’ అని ఒక ప్రకటన మా ఆఫీసుకు వచ్చింది. బోర్డు ఆవిష్కరణకు ఎవరో పోతారు, ఎవరో రాస్తారు. మా పేపర్లో మెచ్చుకుంటూనే వచ్చింది. సర్వీసును నగరికి పొడిగిస్తున్నారని కింద మరో రెండు వాక్యాలు. మార్చిన డ్రైవరును వెనక్కి పిలవడం గురించి ఆ ప్రకటనలో ఏమీ లేదు. నేను ఫోను చేసి అడిగాను. అవి రెండూ వేరు వేరు విషయాలన్నారు.

ఆ పేపరు పట్టుకుని పడమటి డిపోకు వెళ్లాను. ఎందుకు వెళ్లానో నిజం చెబుతున్నాను. నువ్వు చేసింది సరైనదేనని ఇప్పుడు వాళ్లే ఒప్పుకున్నారని ఆయనకు చూపించి, నేను కాస్త తేలికపడదామని. ఆయన డిపో బయట టీ అంగట్లో ఉన్నాడు. పల్లె రూటు బస్సు మీద వేశారట. చిక్కిపోయాడు. పేపరు చేతికిస్తే, కళ్లకు దూరంగా పట్టుకుని నిదానంగా చదివాడు. సంతోషిస్తాడని చూస్తూ కూర్చున్నాను.

“స్టాపు పెట్టినారా? మంచిదే,” అన్నాడు. తరువాత ఫొటో మీద వేలు పెట్టాడు. అందులో అధికారులున్నారు, దండలున్నాయి, బోర్డు సగం కనిపిస్తోంది. “బోర్డు ఏ పక్క పాతినారు సామీ? కట్టు వాకిలి పక్కనా, ఎదురు పక్కనా?”

నాకు తెలియదు.

“పుత్తూరుకి పోతా నిలిపేది యాడ? ఎడం పక్క నిలిపితే, కాలిరిగినోడు రోడ్డు దాటల్ల కదా. ఆ పక్క నిలబడేదానికీ చోటు లేదు, రోడ్డు అంచునే కాలవుండాది. అది సూడలేదా నువ్వు?”

“ఆ వార్త నేను రాయలేదన్నా.”

“అది కాదు సామీ నేనడిగేది. సూసినావా అని.”

చూడలేదని చెప్పాను. ఆయన పేపరు మడిచి నాకే తిరిగిచ్చాడు. టీ గ్లాసు పెట్టేసి లేచాడు, బస్సుకు వేళయింది.

“పొయ్యి సూడు. సూసి రాయి.”

ఆ రాత్రే తిరుగు బస్సెక్కి వచ్చి, మరునాడు పొద్దున్నే వెళ్లి చూశాను. బోర్డు ఎదురు పక్కనే పాతారు, వాకిలికి నూరడుగుల ఇవతల, రోడ్డు వారనున్న కాలువ గట్టున. నేను నిలబడి ఉండగానే ఒక రాపిడ్ వచ్చి, సరిగ్గా బోర్డు కింద, వేళకు ఆగింది. ఒక ముసలాయన్ను ఇద్దరు మనుషులు చేతుల మీద దించారు. బస్సు వెళ్లిపోయింది. లారీలు ఎడతెగకుండా పోతున్నాయి. వాళ్లు ఆయన్ను మోస్తూనే కాలువ గట్టున నిలబడి, దాటడానికి సందు కోసం అటూ ఇటూ చూస్తున్నారు. నేను నోటుబుక్కు జేబులో పెట్టుకుని, రోడ్డు మధ్యలోకి వెళ్లి, చెయ్యెత్తి నిలబడ్డాను.